లేన్‌లో సైకిల్ ఎక్కడ నడవాలి?

సైకిల్ నేర్పిన ప్రతి పెద్దమనిషీ చెప్పే మాట ఒకటుంది: "అంచున పో, పక్కకు జరిగి పో." ప్రేమతో చెప్పే మాటే. వెనక నుంచి వచ్చే బండి గుద్దేస్తుందన్న భయం ఆ మాటలో ఉంటుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే తొక్కాను, రోడ్డు చివరి గీత మీద తాడు మీద నడిచినట్టు. ఒక సాయంత్రం ఆగి ఉన్న కార్ల వరసకు మూరెడు దూరంలో పోతుంటే ముందున్న కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంది. వేళ్లు బ్రేక్ మీద బిగిసేలోపే హ్యాండిల్ కొస తలుపు అంచుకు తగిలింది. ముందు చక్రం అడ్డం తిరిగింది, నేను రోడ్డు మధ్య వైపు పడ్డాను. ఆ క్షణంలో వెనక ఏ బండీ రావట్లేదు కాబట్టి మోచేతి చర్మం లేచిపోవడంతో సరిపోయింది. కారులోంచి దిగినాయన గాభరాగా వచ్చి లేపాడు. ఆయన చెడ్డవాడేం కాదు, అద్దంలో చూసుకోలేదు, అంతే.

తర్వాత చాలా రోజులు నన్ను తొలిచిన ప్రశ్న ఒకటే. అందరూ చెప్పినట్టే తొక్కాను కదా, మరి తప్పెక్కడ?

లెక్క వేసి చూస్తే, తలుపు తెరుచుకున్నాక నేను చేయగలిగింది ఏమీ లేదని తేలింది. గంటకు 20 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు ఐదున్నర మీటర్లు. తలుపు కదలడం కంటికి ఆని, వేళ్లు బ్రేక్ నొక్కేసరికి మామూలుగా ఒక సెకను పోతుంది. ఆపైన పొడి రోడ్డు మీద బండి ఆగడానికి ఇంకో మూడు, నాలుగు మీటర్లు కావాలి. మొత్తం 9 మీటర్లు, అంటే ఇంచుమించు రెండు కార్ల పొడవు. తలుపేమో మన ముక్కు ముందే తెరుచుకుంటుంది. ఎంత బాగా తొక్కేవాళ్లనైనా అక్కడ కాపాడేది దూరం ఒక్కటే. తలుపు బార్లా తీస్తే సుమారు మీటరు బయటికి వస్తుంది. హ్యాండిల్ వెడల్పు 60 సెంటీమీటర్లు అనుకుంటే అందులో సగం 30. అంటే ఆగి ఉన్న కార్ల నుంచి మన చక్రం కనీసం 1.3 మీటర్ల ఎడంగా నడవాలి. ఇరుకు వీధిలో అంత జరిగితే లేన్ మధ్యకు వచ్చేస్తాం కదా అంటారా? వచ్చేస్తాం. అలాంటి వీధిలో సైకిల్ చోటు అక్కడే.

(ఎడమ పక్కన బళ్లు నడిచే రోడ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కుడి పక్కన నడిచే దేశాల్లో ఎడమ, కుడి తిరగేసి చదువుకుంటే చాలు, మిగతాదేమీ మారదు.)

ఇక కార్లు ఆగి లేని రోడ్డు సంగతి. అక్కడైనా అంచున పోవచ్చు కదా అనిపిస్తుంది. ఆ అంచును ఒకసారి వంగి చూడండి. కార్ల టైర్లు రోజంతా తిరిగే భాగం ఊడ్చినట్టు శుభ్రంగా ఉంటుంది. ఆ టైర్లు చిమ్మిన గాజుపెంకులు, మేకులు, కంకర, ఇసుక అన్నీ వచ్చి చేరేది అంచుకే. వాననీళ్లు నిలిచేదీ అక్కడే, మురుగు కాలువ జాలీలు ఉండేదీ అక్కడే. నీళ్ల కింద గుంత ఎంత లోతుందో తెలియదు. అంచున తొక్కే మనిషి ప్రతి ఇరవై మీటర్లకూ ఏదో ఒకటి తప్పించడానికి కుడికి వంగక తప్పదు. వెనకున్న డ్రైవర్‌కు ఆ గుంత కనిపించదు. అతనికి కనిపించేది ఉన్నట్టుండి అడ్డం వచ్చిన సైకిలే. పైగా ఎడమ పక్కన ఎత్తు గట్టు ఉంటే ఆ వైపు తప్పించుకునే దారి కూడా ఉండదు. పెడల్ గట్టుకు తగిలితే పడేది మళ్లీ రోడ్డు మీదికే.

అందుకే బ్రిటన్ రహదారి నియమావళిని 2022 జనవరిలో సవరించినప్పుడు, బళ్లు వేగంగా పోయే రద్దీ రోడ్ల మీద కూడా అంచుకు కనీసం అర మీటరు ఎడంగా తొక్కమని రాశారు. అది కూడా కనీసం మాత్రమే. ప్రశాంతమైన వీధుల్లో, ట్రాఫిక్ నెమ్మదిగా కదిలేచోట, జంక్షన్ దగ్గర పడేటప్పుడు, రోడ్డు ఇరుకయ్యేచోట లేన్ మధ్యలోనే తొక్కమని అదే నియమావళి చెబుతుంది.

సందు ఉందా, లేదా?

అసలు గొడవంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. లేన్‌లో సైకిల్ పక్కన కారు పట్టేంత సందు ఉందా? చాలామంది సైకిలిస్టులూ, డ్రైవర్లూ ఉందనే అనుకుంటారు. కొలిచి చూద్దాం.

3.3 మీటర్ల లేన్ తీసుకోండి, నగరాల్లో మామూలుగా కనిపించేదే. చక్రం అంచుకు అర మీటరు దూరంలో ఉంది. హ్యాండిల్ కుడి కొస 80 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఓవర్‌టేక్ చేసే బండి మనిషికి 1.5 మీటర్ల దూరం వదలాలి. అప్పటికే 2.3 మీటర్లు అయిపోయింది. లేన్‌లో ఇంక మిగిలింది ఒక మీటరు. కారు వెడల్పు అద్దాలతో కలిపి 2 మీటర్లు. ఒక మీటరు సందులో రెండు మీటర్ల కారు పట్టదు. పట్టాలంటే లేన్ 4.3 మీటర్లు ఉండాలి. అమెరికాలో రోడ్ల డిజైన్ మార్గదర్శకాలు సైకిలూ కారూ పక్కపక్కన పోగల లేన్‌కు చెబుతూ వచ్చిన కొలత 14 అడుగులు, ఇంచుమించు ఇదే లెక్క. అంత వెడల్పు లేన్లు ఎన్ని చోట్ల ఉంటాయి?

ఈ లెక్కలోంచి వచ్చే ఫలితం నాకు చాలా కాలం తట్టలేదు. మామూలు లేన్‌లో మనం అంచుకు నక్కినా, మధ్యలో తొక్కినా, దూరం సరిగ్గా వదిలే డ్రైవర్ పక్క లేన్‌లోకి వెళ్లక తప్పదు. అంటే అంచుకు ఒదిగి మనం ఆ మంచి డ్రైవర్‌కు చేస్తున్న ఉపకారం ఏమీ లేదు. అతను ఎలాగూ ఎదురు బండి లేనప్పుడే దాటుతాడు. ఒదగడం వల్ల లాభపడేది దూరం వదలకుండా రాసుకుంటూ పోవాలనుకునేవాడే. మనం అంచున ఉంటే "కొంచెం సందుంది, దూరిపోవచ్చు" అని అతనికి అనిపిస్తుంది. పట్టీ పట్టని ఆ సందే అన్నింటికన్నా ప్రమాదం. లేన్ మధ్యలో ఉంటే మాత్రం వెనక వంద మీటర్ల దూరం నుంచే తెలిసిపోతుంది, ఇక్కడ సందు లేదు, ఆగాలి లేదా లేన్ మారాలి అని. మనం నడిచే చోటే వెనకవాడికి మనం చెప్పే మాట. ఆ మాట తేటతెల్లంగా ఉండాలి.

బ్రిటన్ సైకిల్ శిక్షణలో ఈ రెండు చోట్లకూ పేర్లున్నాయి. లేన్ మధ్యలో నడవడాన్ని ప్రైమరీ పొజిషన్ అంటారు, ట్రాఫిక్ పోయే దారికి కాస్త ఎడమగా నడవడాన్ని సెకండరీ పొజిషన్ అంటారు. మొదటి చోటికి ప్రైమరీ అని పేరు పెట్టడంలోనే విషయం ఉంది. లేన్ మధ్య అన్నది సైకిల్‌కు సహజమైన చోటు, వెనకవాళ్లు క్షేమంగా దాటడానికి వీలున్నప్పుడు అక్కడి నుంచి పక్కకు జరుగుతాం అన్నది వాళ్ల ఆలోచన. మనకు అలవాటైనది సరిగ్గా దీనికి తలకిందులు.

నడిమధ్య అంటే గీత గీసినట్టు నడిమధ్య కానక్కర్లేదు. సిగ్నళ్ల దగ్గర ఆగి ఉన్న బళ్ల నుంచి కారే ఆయిల్ లేన్ మధ్యలోనే పడుతుంది, తొలకరి చినుకులకు అక్కడ టైరు జారుతుంది. కార్ల ఎడమ టైరు నడిచే జాడ పట్టుకుని పోతే శుభ్రమైన రోడ్డూ దొరుకుతుంది, చాలా సందర్భాల్లో దూరేవాడికి సందూ ఉండదు. మరీ ఇరుకుగా ఉన్నచోట మధ్యకు జరగాలి.

కూడలి దగ్గర

వెనక నుంచి గుద్దుతారన్న భయం మనసులో ఎంత పెద్దదైనా, ఊళ్లలో సైకిళ్లకు జరిగే గుద్దుళ్లలో ఎక్కువ భాగం ముందు నుంచి, పక్కల నుంచి వచ్చేవే. పక్క వీధిలోంచి వచ్చి చూడకుండా రోడ్డెక్కే కారు, ఎదురుగా వచ్చి మన ముందు నుంచి మలుపు తీసుకునే కారు, మనల్ని దాటీ దాటగానే ఎడమకు కోసేసే కారు. ఈ మూడింటిలోనూ ఎక్కువసార్లు జరిగేది ఒకటే: డ్రైవర్ మనల్ని చూడలేదు, లేదా చూడాల్సిన చోట మనం లేం.

పక్క వీధి మలుపులో నిలబడ్డ డ్రైవర్ సంగతి ఆలోచించండి. అతను తల తిప్పి చూసేది కార్లు వచ్చే చోటికి, అంటే లేన్ మధ్యకు. మనం అంచున వస్తుంటే మూలనున్న చెట్టో, స్తంభమో, ఆగి ఉన్న వ్యానో మనల్ని కప్పేస్తుంది. ఒక మీటరు కుడికి జరిగితే అదే డ్రైవర్‌కు మనం చాలా ముందుగా కనిపిస్తాం, అతను తొందరపడి ముందుకు దూకినా మనకు తప్పించుకునే చోటు మిగులుతుంది.

ఎడమకు కోసేసే కారుది ఇంకో కథ. మనం నేరుగా పోవాలి, కూడలికి ముందు అంచున ఉన్నాం. వెనకున్న కారు ఎడమకు తిరగాలి. మనల్ని దాటి మన ముందే మలుపు తిప్పేస్తుంది, మనం దాని తలుపులోకి పోతాం. అతను మన వేగాన్ని తక్కువ అంచనా వేసి ఉంటాడు. కూడలికి 30, 40 మీటర్ల ముందే వెనక్కి చూసుకుని లేన్ మధ్యకు వస్తే అతను మన వెనకే ఉండి, మనం దాటాక తిరుగుతాడు. అతనికి పోయేది మూడు నాలుగు సెకన్లు. కూడలి దాటగానే మనం మళ్లీ ఎడమకు జరగవచ్చు. ఒకటే లేన్ ఉన్న చిన్న రౌండబౌట్‌లోనూ ఇంతే, లోపలికి వెళ్లినప్పటి నుంచి బయటికి వచ్చేదాకా మధ్యలోనే ఉండాలి.

లారీల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఇక్కడ పొరపాటు జరిగితే దిద్దుకునే అవకాశం ఉండదు. పొడవైన బండి మలుపు తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఎడమకు తిరగబోయే లారీ చోటు కోసం మొదట కుడికి జరుగుతుంది. అప్పుడు దాని ఎడమ పక్కన మంచి వెడల్పైన సందు కనిపిస్తుంది. సిగ్నల్ దగ్గర ఆ సందులోకి సైకిల్ పోనిచ్చారంటే, లారీ కదిలే కొద్దీ ఆ సందు మూసుకుపోతుంది. క్యాబిన్‌లో ఎత్తున కూర్చున్న డ్రైవర్‌కు తన ఎడమ తలుపు కిందున్న మనిషి కనిపించకపోవచ్చు. దాని వెనకే ఆగండి, లేన్ మధ్యలో, అతని అద్దంలో మీకు అతని ముఖం కనిపించే చోట. ఎంత తొందర పనున్నా సరే.

చట్టం చెప్పేది, జనం విన్నది

చాలా దేశాల చట్టాలు సైకిల్‌ను అంచున నడవమనే మొదలుపెడతాయి. కాలిఫోర్నియా వాహన చట్టంలో 21202 సెక్షన్ మంచి ఉదాహరణ. మిగతా ట్రాఫిక్ కన్నా నెమ్మదిగా పోయే సైకిల్ రోడ్డు కుడి అంచుకు (అక్కడ బళ్లు నడిచేది కుడి పక్కనే) ఆచరణలో కుదిరినంత దగ్గరగా ఉండాలంటుంది. జనం దీన్ని "ఎంత అంచుకు పోగలిగితే అంత" అని చదువుకున్నారు. ఆచరణలో కుదరడం వేరు, ఒళ్లు ఇరికించుకుని పట్టడం వేరు. ఆ సెక్షన్‌లోనే మినహాయింపులున్నాయి: ఎడమకు తిరగాల్సి వచ్చినప్పుడు, దారిలో అడ్డంకులో గుంతలో ఉన్నప్పుడు, కుడికి తిరగడానికి వీలున్న చోటికి చేరుతున్నప్పుడు, సైకిలూ బండీ పక్కపక్కన క్షేమంగా పోలేనంత ఇరుకు లేన్ అయినప్పుడు. మన 3.3 మీటర్ల లెక్క గుర్తుందా? చివరి మినహాయింపు చాలా లేన్లకు సరిపోతుంది. పేరుకది మినహాయింపు, రోడ్డు మీద చూస్తే మామూలు పరిస్థితే అది.

డ్రైవర్ వదలాల్సిన దూరాన్ని కూడా చట్టాలూ, నియమావళులూ ఇప్పుడు అంకెల్లో చెబుతున్నాయి. జర్మనీలో 2020 నుంచి ఊళ్లలో 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు. ఫ్రాన్స్‌లో ఊళ్లలో 1 మీటరు, బయట 1.5. బ్రిటన్ నియమావళి సూచన ప్రకారం గంటకు 30 మైళ్ల వేగం వరకు కనీసం 1.5 మీటర్లు, వేగం పెరిగితే ఇంకా ఎక్కువ. కాలిఫోర్నియాలో 2014 నుంచి 3 అడుగుల నియమం ఉంది, దానికి తోడు 2023 నుంచి పక్క లేన్ ఖాళీగా ఉండి, మారడానికి వీలుంటే డ్రైవర్ లేన్ మారే దాటాలన్నారు. ఈ చివరి పద్ధతి నాకు బాగా నచ్చింది. టేపు పట్టుకుని ఎవరూ కొలవలేరు, లేన్ మారాడా లేదా అన్నది మాత్రం ఎవరికైనా కనిపిస్తుంది.

ఎదురు వాదన

ఇంతవరకు చెప్పినదానికి అడ్డం వచ్చే ఆధారం ఒకటుంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. బ్రిటన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఇయాన్ వాకర్ తన సైకిల్‌కు దూరం కొలిచే పరికరం బిగించి, తానే రోడ్ల మీద తొక్కి, రెండు వేలకు పైగా ఓవర్‌టేక్‌లను కొలిచాడు. 2007లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. హెల్మెట్ పెట్టుకున్నప్పుడు బళ్లు ఇంకాస్త దగ్గరగా వచ్చాయన్న సంగతే జనానికి బాగా గుర్తుంది. మనకు కావాల్సింది ఇంకొకటి: అతను అంచు నుంచి ఎంత లోపలికి జరిగితే, దాటే బళ్లు అతనికి అంత దగ్గరగా వచ్చాయి. అంటే చాలామంది డ్రైవర్లు సైకిల్ ఎక్కడున్నదీ చూసి దారి మార్చుకోలేదు, తమ దారిన తాము పోయారు.

అయితే అతను కొలిచింది అంచు నుంచి పావు మీటరు మొదలు 1.25 మీటర్ల దాకా. లేన్ మొత్తాన్ని తీసుకున్న సైకిల్ అందులో లేదు. దాన్నుంచి నేను గ్రహించింది ఇదీ: అటూ ఇటూ కాని చోటు మేలు చేయదు. అర మీటరు లోపలికి జరిగితే సందు ఇంకా ఉన్నట్టే కనిపిస్తుంది, ఉన్న సందులో కొంత మనమే తినేస్తాం. చోటిస్తే పూర్తిగా ఇవ్వాలి, తీసుకుంటే పూర్తిగా తీసుకోవాలి.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. 1977లో అమెరికాలో క్రాస్, ఫిషర్ అనే ఇద్దరు సైకిల్ ప్రమాదాలను రకాలుగా విడదీసి చూశారు. మొత్తం ప్రమాదాల్లో వెనక నుంచి గుద్దినవి తక్కువే, చావుల్లో మాత్రం వాటి వాటా చాలా ఎక్కువ. చీకటి, ఊరి బయటి రోడ్లు, వేగం కలిసినచోట అవి జరుగుతాయి. కారణం అంకెల్లోనే ఉంది. మనం గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నాం, కారు 40లో వస్తోంది. వంద మీటర్ల దూరంలో మనల్ని చూసిన డ్రైవర్‌కు మనల్ని చేరడానికి 18 సెకన్లు పడుతుంది. కారు 80లో వస్తే 6 సెకన్లే. అందులో రెండు సెకన్లు ఫోన్ చూస్తే మిగిలేది నాలుగు. మలుపు చాటునో, మిట్ట అవతలో ఉంటే ఆ ఆరు కూడా ఉండవు. అలాంటి రోడ్డు మీద "లేన్ మధ్యలో తొక్కు" అని నేను ఎవరికీ చెప్పను. గట్టిగా ఉన్న మార్జిన్ దొరికితే దాని మీద పోవాలి, వెనక వెలిగే లైటు పగలూ పెట్టుకోవాలి, వేరే దారి ఉంటే చుట్టైనా ఆ దారే మేలు.

ఇంకో మాట కూడా ఉంది. పన్నెండేళ్ల పిల్లను, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను బస్సు ముందు లేన్ మధ్యలో తొక్కమనడం ఏం ధర్మం? వెనక హారన్ మోగుతుంటే ఆ టెన్షన్ తట్టుకుని గీత తప్పకుండా తొక్కడం అందరి వల్లా కాదు. నెదర్లాండ్స్‌లో వేగంగా బళ్లు పోయే రోడ్ల పక్కన సైకిల్‌కు వేరే దారి వేసి, కలిసి నడిచే వీధుల్లో వేగాన్ని గంటకు 30 కిలోమీటర్లకు దించింది ఇందుకే. లేన్‌లో ఎక్కడ నడవాలన్నది ఆ దారులు లేనిచోట మనల్ని మనం కాపాడుకునే పద్ధతి. రోడ్డు వేసేవాళ్ల బాధ్యతకు అది ప్రత్యామ్నాయం కాదు. రంగు పూసి సైకిల్ లేన్ అని పేరు పెట్టి, దాన్ని ఆగి ఉన్న కార్ల తలుపులకు ఆనించి గీసిన చోట్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. మనిషిని ప్రమాదంలోకి బాణం గుర్తు వేసి పంపడమే అది.

జరగడం ఎలా

మధ్యలో ఉండటం కన్నా మధ్యకు రావడం కష్టం. ముందుగా భుజం మీదుగా వెనక్కి చూడాలి. ఆ చూపు రెండు పనులు చేస్తుంది, మనకు వెనకేముందో తెలుస్తుంది, ముఖం తిరగడం చూసి వెనక డ్రైవర్‌కు మనం ఏదో చేయబోతున్నామని తెలుస్తుంది. చోటుంటే చేయి చాపి, నెమ్మదిగా జరగాలి. ఒక్క ఉదుటున కాదు. ఆగి ఉన్న రెండు కార్ల మధ్య ఖాళీ వచ్చినప్పుడల్లా ఎడమకు దూరి, మళ్లీ బయటికి రావడం అస్సలు వద్దు. బయటికి వచ్చిన ప్రతిసారీ వెనకవాడికి మనం కొత్తగా ఊడిపడ్డట్టే ఉంటుంది. తిన్నగా, ఒకే గీతలో పోవాలి.

వెనక నాలుగైదు బళ్లు పోగయితే, ముందు వెడల్పైన చోటు కనిపించినప్పుడు ఎడమకు జరిగి సైడ్ ఇవ్వండి. ఆగిన డ్రైవర్‌కు చేయెత్తి చూపండి. లేన్ మన హక్కయినా అవతలివాళ్ల సమయం కూడా సమయమే. హారన్ కొట్టాడని భయపడి ఇరుకులో మాత్రం పక్కకు జరగకండి, హారన్ కొట్టాడంటే మనల్ని చూశాడనే అర్థం.

వెనక్కి చూస్తే సైకిల్ ఆ వైపే లాగేస్తుంది అంటారు చాలామంది. నిజమే, అలవాటు లేనప్పుడు చూపు ఎటు పోతే హ్యాండిల్ అటు తిరుగుతుంది. దీనికి మైదానంలో చేసే చిన్న సాధన ఉంది. నేల మీద సున్నంతో ఒక గీత గీసి దాని మీద తొక్కండి. వెనక ఒకరు నిలబడి చేతివేళ్లు కొన్ని ఎత్తాలి. గీత దిగకుండా వెనక్కి చూసి ఎన్ని వేళ్లో చెప్పాలి. నాకు మొదటి రోజు పదింటిలో రెండుసార్లు కుదిరింది. వారం తిరిగేసరికి ఎనిమిదిసార్లు. ఆ తర్వాతే రద్దీ రోడ్డు మీద లేన్ మధ్యకు వచ్చాను.